మిషన్ మీద ఎల్లమ్మ

మా పెద్దోడు భూషణం ఐపీ పెట్టిన ఏడాది మా ఇంట్లో కూర్చోవడానికి పీట కూడా లేకుండా పోయింది. అప్పులవాళ్లు ఎత్తుకుపోయారనుకునేరు. కాదు, మేమే ఎత్తుకుపోయాం. పీటలు ఒకరింట్లో, మిక్సీ ఒకరింట్లో, పరుపులు ఇంకొకరింట్లో. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీలో మేముండేది. అప్పుడు మా గల్లీలో ఏ ఇంటికి వెళ్లినా మా సామాను ఒకటి పలకరించేది.

ఐపీ అంటే తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. 'నాకు ఇంక తీర్చే శక్తి లేదు. ఉన్నదేదో అందరికీ పంచి, నన్ను ఈ అప్పుల్లోంచి బయటపడేయండి' అని కోర్టుకు అర్జీ పెట్టుకోవడం. దివాలా అన్నమాట. మా భూషణం తాగుడుకో పేకాటకో అప్పు చేసినవాడు కాదు. పని చేసే పంపుల ఫ్యాక్టరీ మూతపడింది. అప్పు తెచ్చి ట్రాలీ ఆటో కొన్నాడు. అది నడుస్తూ ఉండగానే చంద్రయ్య అనే స్నేహితుడి చీటీకి, అతను కట్టకపోతే తాను కడతానని జమానతు ఉన్నాడు. చంద్రయ్య చీటీ ఎత్తుకుని పెళ్లాంపిల్లలతో సహా మాయమయ్యాడు. మనిషి మంచివాడే, ఇప్పటికీ అదే అంటాను. వాళ్లమ్మ చేసిన సర్వపిండి రుచి నా నాలుక మీద ఇంకా ఉంది. కానీ సర్వపిండి తలచుకుంటే చీటీ వాయిదా తీరదు కదా.

ఆ వాయిదాలకని డైలీ ఫైనాన్సు సాంబయ్య దగ్గర తీసుకున్నాడు. అక్కడ మునిగాం. సాంబయ్య రోజూ దీపాలు పెట్టే వేళకు స్కూటర్ మీద వచ్చేవాడు. చంకలో తోలు సంచి. భూషణం "రేపిస్త అన్నా" అనగానే అతను అరుగు మీద కాలు పెట్టి, "రేపంటే ఏ రేపు? తారీఖు జెప్పు!" అని గల్లీ అంతా వినిపించేలా అనేవాడు. అంటూనే కళ్లు మాత్రం లోపలికి, మా కోడలు స్వర్ణలత కుట్టు మిషన్ వైపు పోయేవి.

"అవ్వా, ఆ మిషన్ ఇయ్యున్రి. బాకీల సగం కొట్టేస్త," అన్నాడు ఒకరోజు నాతో.

"సగం నువ్వు కొట్టేస్తవ్, మిగిలిన సగం మా కడుపు మీద కొడ్తవ్," అన్నాను.

ఆ మిషన్ మా కోడలు బట్టల కంపెనీలో పని చేసినప్పుడు జీతంలో దాచుకుని కొన్నది. కాళ్లతో తొక్కేది. పని అయ్యాక తల కిందికి మడిచేస్తే పైన చక్కటి బల్ల. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా పొయ్యి వెలుగుతున్నది దాని మీదే. అది పోతే ఐపీ వచ్చినా రాకున్నా ఒకటే.

ఎల్బీనగర్ కోర్టులో డబ్బుల్లేనివాళ్లకు ఫీజు లేకుండా వకీలును ఇస్తారని ఎవరో చెబితే, భూషణం ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కి వెళ్లాడు. శ్యామలాదేవి అని ఒకావిడ దొరికింది. ఆవిడే అర్జీ రాసింది, కోర్టు తీసుకుంది. ఇంక ఆస్తి లెక్క చూడటానికి కోర్టు పెట్టిన రిసీవరు గారి మనిషి వచ్చి ఇంట్లో సామానంతా రాసుకుంటాడని ఆవిడ చెప్పింది. రాసుకుని ఏం చేస్తాడని మావాడు అడగలేదు, అడగాలనే తోచలేదు. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. నేను ఊరుకోవచ్చు కదా! జనగామ దగ్గర మా మేనమామ ఇంటికి శిస్తు వసూలుకు వచ్చినవాళ్లు తలుపులు కూడా ఊడబెరికి బండెక్కించిన కథ చెప్పాను. తలుపు మీద చెక్కిన చిలకలతో సహా చెప్పాను. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ వచ్చి విన్నారు. కథ అయ్యేసరికి గల్లీ అంతా లేచి కొంగు బిగించింది.

"ఒక్క చెంచా గూడ మిగలొద్దు!" అంది ఎదురింటి శాంతాబాయి.

ఇంక చూడండి. తెల్లారేసరికి మా ఇల్లు సున్నం వేయడానికి ఖాళీ చేసిన ఇల్లులా ఉంది. మిషన్‌ను శాంతాబాయే తీసుకుంది. తల మడిచి, బల్ల మీద ఎర్రచీర కప్పి, దాని మీద టేకు చట్రంలో ఉన్న ఎల్లమ్మ పటం, పక్కన వేపాకులు చుట్టిన కలశం పెట్టింది. నేను పసుపు కుంకుమ తెచ్చిచ్చాను. దీపం వెలిగించాక చూస్తే మిషన్ సంగతి తెలిసిన నాకే చేతులు జోడించబుద్ధయింది. అసలే ఆషాఢం, మా బస్తీ బోనాలు దగ్గరపడ్డాయి. ఎవరికి అనుమానం వస్తుంది?

రాలేదు కూడా. శాంతాబాయి కూడా సాంబయ్యకు కొంత కట్టాలి. ఆ వసూలుకు వచ్చినవాడు ఎల్లమ్మను చూసి చెప్పులు విడిచాడు, కళ్లు మూసుకున్నాడు, పళ్లెంలో నోటు పెట్టాడు. "అమ్మ మస్తు కళగ ఉన్నది," అని మెచ్చుకుని మరీ వెళ్లాడు. మా మిషన్‌కు మొక్కి పోయాడని మేము తలుపేసుకుని, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

ఆ నవ్వు గురువారం సాయంత్రం దాకే. మల్లాపూర్‌లో ఇల్లున్న శ్యామలాదేవి మేడం కోర్టు నుంచి పోతూ పోతూ మా గుమ్మంలో ఆగింది. రేపు పొద్దున రిసీవరు మనిషి వస్తున్నాడని చెప్పడానికి వచ్చింది. లోపలికి తొంగిచూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏంది భూషణం, దొంగలు వడ్డరా?"

"లేదు మేడం. మేమే జర సర్దినం."

"ఏడికి సర్దిన్రు?"

మావాడు నేల చూశాడు. నేనే చెప్పాను. "గల్లీకి."

ఆవిడ నెత్తి పట్టుకుంది. "నీకు దిమాక్ ఉన్నదానయ్యా! వండుకునే గిన్నెలు, పండుకునే పరుపులు, కట్టుకునే బట్టలు కోర్టు ముట్టదు. ఈమె మెడల పుస్తె ముట్టదు. చేతిపని మీద బతికేటోళ్ల పనిముట్టు ముట్టదు. మీ ఆటో అమ్మి పంచుతరు, గంతే. కని సామాను దాసినవని తెలిస్తే అర్జీ కొట్టేస్తరు. పైకెల్లి నీ మీదనే కేసు."

స్వర్ణలత ముందుకొచ్చింది. "మరి నా మిషన్, మేడం?"

"మిషనా? మిషన్ ఉన్నదా? నాకు జెప్పనే లేదు గదనే!"

"భయమయింది."

"అది నీ పనిముట్టమ్మా. నీ తానకెల్లి దాన్ని తీస్కపోరు. పొద్దుగాల ఆయన రాంగనే సూపియ్యి. లిస్టుల రాయలేదని నేను కోర్టుల మెమో వేస్త. ఆయన అడిగినంక సూపిస్తే మాత్రం నేను గూడ ఏం జేయలేను."

ఆవిడ అటు వెళ్లిందో లేదో ఇటు మా సామాను తిరుగు ప్రయాణం కట్టింది. పరుపులు నెత్తి మీద, గిన్నెలు బకెట్లలో, పీటలు చంకల్లో. కుక్కర్ కోసం వెళితే, పెట్టుకున్నావిడ దాన్ని ఘట్‌కేసర్‌లో చెల్లెలింటి ఫంక్షన్‌కు తీసుకెళ్లిందట. మిక్సీ వచ్చింది గానీ కాలిన వాసనతో వచ్చింది. "ఇడ్లీ పిండి పట్టిన అత్తా, జర పొగొచ్చింది," అని చెప్పి ఆ పిల్ల ఒక గిన్నె పిండి కూడా ఇచ్చి పోయింది. ఇడ్లీలు బాగానే వచ్చాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంక మిషన్. శాంతాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మను దింపుతనా? ఏం మాట్లాడుతున్నవ్ అత్తా! నిలిపినంక బోనం ఎత్తేదాకా నేల మీద పెట్టొద్దు, ఇంకో పీట మీద పెట్టొద్దు. మా అత్త జెప్పింది. ఆమెకు ఆమె అత్త జెప్పింది."

"గట్లాంటప్పుడు మిషన్ మీద ఎందుకు నిలిపినవే?"

"బాగుందన్నది నువ్వే గదా! పసుపు తెచ్చింది నువ్వే గదా!"

నిజమే, నేనే తెచ్చాను. మా కోడలు ఆ గడపలోనే కూర్చుని ఎర్రచీర కింద కొద్దిగా కనబడుతున్న ఇనుప పెడల్ వైపు చూస్తూ ఉండిపోయింది.

పొద్దున రిసీవరు గారి మనిషి వచ్చాడు. హృషికేశ్ అట, ఆంధ్రా వైపు పిల్లవాడు, మెడలో కండువాలా చుట్టుకున్న జేబురుమాలు. వెనకే స్కూటర్ దిగుతూ సాంబయ్య. ఎవరు చెప్పారో ఏమో.

"భూషణం గారిల్లు ఇదేనాండీ?" అని అడిగాడు ఆ అబ్బాయి మర్యాదగా.

భూషణం కుర్చీ వేశాడు. సాంబయ్య మాత్రం నిలబడే మొదలుపెట్టాడు. "సార్, ఈళ్ల కోడలికి కుట్టు మిషన్ ఉండె. రోజు టకటక సప్పుడు ఇంటుంటి. ఇప్పుడు సూడున్రి, మాయం! అడు..."

అడుగున్రి అనేలోపే స్వర్ణలత లేచింది. "ఉన్నది సార్. ఎదురింట్ల ఉన్నది. తీస్కపోతరని భయపడి దాసినం. రండ్రి, సూపిస్త." అంటూనే చకచకా గల్లీ దాటింది.

అందరం శాంతాబాయి ఇంట్లోకి వెళ్లాం. సాంబయ్య నాలుగు మూలలూ వెతికాడు. "ఈడ ఏడున్నది? నేను మొన్ననే వచ్చిన. మిషన్ లేదు గిషన్ లేదు."

"వచ్చినవ్, మొక్కినవ్ గూడ. నీ నోటు ఇంకా పళ్లెంలనే ఉన్నది," అంది శాంతాబాయి.

స్వర్ణలత వంగి ఎర్రచీర అంచు పైకెత్తింది. పెడల్ కనిపించింది, చక్రం కనిపించింది, మడిచిన మిషన్ తల కనిపించింది. సాంబయ్య నోరు తెరిచాడు, నోటు వైపు చూశాడు, మళ్లీ మూశాడు. హృషికేశ్‌కు నవ్వొచ్చింది గానీ జేబురుమాలుతో మూతి తుడుచుకున్నట్టు చేశాడు.

"పనిముట్టయితే వదిలేస్తామమ్మా. కానీ పని చేస్తుందో లేదో చూడాలి, ఈవిడ బతుకుతెరువేనని తేలాలి."

"బతుకుతెరువా! షోకుకు కొనుక్కున్నది సార్," అని సాంబయ్య మళ్లీ ఎగిరాడు.

బయట నుంచి కేకలు మొదలయ్యాయి. "షోకా? బోనాలకని నా జాకెట్ గుడ్డ ఈమె దగ్గరనే ఉన్నది!" "నాది లంగా!" "నా బిడ్డ ఫ్రాకు!" మిషన్ దాక్కున్నప్పటి నుంచి కుట్టు ఆగిపోయి, పండుగ ముంచుకొస్తోందని ఆడవాళ్లందరూ అప్పటికే మండిపడుతూ ఉన్నారు.

"అందరూ ఒకేసారి కాదండీ. ముందు మిషన్ తెరవండి," అన్నాడు హృషికేశ్.

తెరవాలంటే అమ్మను ఎత్తాలి. కింద పెట్టకూడదు. శాంతాబాయి ఒక్క నిమిషం ఆలోచించింది. "నేల మీద వద్దన్నరు, పీట మీద వద్దన్నరు. మనిషి చేతుల్ల వద్దని ఎవ్వరనలే," అంటూ కలశం భూషణం చేతిలో పెట్టింది. బరువైన పటం ఎత్తి నేరుగా సాంబయ్య దగ్గరికి వచ్చింది.

"నేనెందుకు?" అన్నాడతను.

"మొక్కినోనివి నువ్వే గదా సాంబన్నా. పట్టు."

ఎల్లమ్మ మీదికి వస్తుంటే పట్టుకోనని ఎవడంటాడు? పట్టుకున్నాడు. మా కోడలు మిషన్ తల పైకి లేపి, దారం ఎక్కించి, జాకెట్ భుజం కుట్టు ఒకటి వేసి చూపించింది. ఆ టకటక వినగానే నాకు ఆకలి వేసింది, ఎందుకో తెలియదు.

హృషికేశ్ పెన్ను తీశాడు. "సాంబయ్య గారూ, మీరు అప్పిచ్చినవారు కదా. ఇది ఈవిడ బతుకుతెరువు కాదంటే ఇప్పుడే చెప్పండి, రాసుకుంటాను."

సాంబయ్య నోరు తెరిచాడు. శాంతాబాయి మెల్లగా అంది: "అమ్మ చేతులల్ల ఉన్నది. సూసి మాట్లాడు."

పటంలోంచి ఎల్లమ్మ, చుట్టూ నిలబడి మేము, అందరం అతని మొహమే చూస్తున్నాం. చేతులు నొప్పి పెడుతున్నాయేమో, చెమట కణతల మీదికి జారింది.

"కుట్టుడు నిజమే సార్," అన్నాడు చివరికి. "మా ఇంటామె జాకెట్లు గూడ ఈమెనే కుడ్తది."

హృషికేశ్ రాసుకున్నాడు. కుట్టు మిషన్ ఒకటి, పనిముట్టు, వదిలివేయడమైనది. భయపడి దాచి తామే చూపించారని కూడా రాశాడు. శ్యామలాదేవి మేడం మెమో వేసింది. ఆటో అమ్మి అందరికీ పంచారు, సాంబయ్యకూ తన వాటా వచ్చింది. కోర్టుకు చాలాసార్లు తిరిగాక భూషణానికి ఐపీ వచ్చింది. ఇప్పుడు వాడు వేరేవాళ్ల ఆటో నడుపుతాడు, జమానతు అనే మాట వింటే చెవులు మూసుకుంటాడు.

మరి బోనాల బట్టలంటారా? ఆదివారం దాకా అమ్మను గల్లీ అంతా వంతులేసుకుని మోసింది. స్వర్ణలత కుడుతుంటే ఒకరు పటం, ఒకరు కలశం పట్టుకుని పక్కన నిలబడేవారు. కుట్టు ఆగితే అమ్మ తిరిగి బల్ల మీదికి. ఏ జాకెట్టయినా ఆలస్యమైందంటే, అది పట్టుకునే వంతు ఎగ్గొట్టినావిడదే.

శనివారం సాయంత్రం సాంబయ్య తన భార్య జాకెట్లు తీసుకోవడానికి వచ్చాడు. సంచిలో పెట్టుకుని, జేబులు తడుముకుని, "చిల్లర లేదు చెల్లె, రేపిస్త," అన్నాడు.

మా కోడలు మిషన్ ఆపింది. తల ఎత్తి, గల్లీ అంతా వినిపించేలా అడిగింది.

"రేపంటే ఏ రేపు అన్నా? తారీఖు జెప్పు!"