తెలుపు మధ్యలో

బోర్లించిన చెంచా మీదుగా నీలం మద్యాన్ని సన్నటి ధారగా జారవిడుస్తూ కోడలు ఊపిరి బిగబట్టింది. గ్లాసు అడుగున దానిమ్మ పాకం ఎర్రగా కూర్చుంది. దాని మీద నీలం కదలకుండా నిలిచింది. ఇక తెల్లటి మీగడ మద్యం పోస్తే అయిపోతుంది. సరిగ్గా అప్పుడే కౌంటరు చివరి స్టూలు మీంచి అత్తగారి గొంతు లేచింది.

"తెలుపు మధ్యలో ఉండాలమ్మాయ్."

చెంచా ఒరిగింది. నీలం ఎరుపులోకి దిగి గ్లాసంతా వంకాయ రంగైపోయింది. కోడలు దాన్ని సింకులో ఒంపేసి, ఇంకో గ్లాసు తీసుకుంది.

ఇవాళ్టి రగ్బీ ఫైనల్లో దేశం కప్పు గెలిస్తే జట్టు రంగుల్లో మూడు పొరల పానీయం అమ్మాలని బారు యజమాని ముచ్చటపడ్డాడు. ముచ్చట ఆయనది, మణికట్టు నొప్పి ఈమెది. బరువైనది అడుగున, తేలికైనది పైన, అంతకుమించి తన చేతిలో ఏమీ లేదని ఆమె పొద్దుట్నుంచీ చెబుతూనే ఉంది. జెర్సీకి భుజాల మీద నీలం, ఛాతీ మీద తెలుపు, కింద ఎరుపు ఉంటాయనీ, ఈ గ్లాసులో ఉన్నది ఎవరి జట్టో తనకు తెలియదనీ అత్తగారు అంటూనే ఉంది.

కోడలి భర్త పోయాక ఈ బారు పైనున్న రెండు గదుల్లో వాళ్లిద్దరే మిగిలారు. కూతురు ఎన్నిసార్లు పిలిచినా అత్తగారు కదల్లేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కిటికీ గడియ దాకా దేన్నో ఒకదాన్ని పట్టుకుని సాధించుకుంటూ కాలం గడిపేశారు. ఇప్పుడు ఆడపడుచుకు కవలలు. ఈ సాయంత్రం కారు తెచ్చి తల్లిని తీసుకుపోతానంది. మ్యాచ్ అయ్యేదాకా కదిలేది లేదని అత్తగారు షరతు పెట్టింది. ఆ ప్రయాణం గురించి మాత్రం అత్తాకోడళ్లు ఒక్క మాటా అనుకోలేదు.

ఆట మొదలైంది. టీవీ కోడలి నెత్తిమీద, గోడకి ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. ఎదురుగా ఉన్న మొహాలు వాడితే ఓడుతున్నట్టు, లేస్తే గెలుస్తున్నట్టు. అత్తగారు మటుకు రిఫరీ కళ్లకి వైద్యం చెప్పి, కింద పడ్డవాడి మోకాలికి కట్టు కట్టించి, నోటితోనే సగం ఆట ఆడేసింది. చివరి నిమిషంలో మన జట్టువాడు కోలబంతితో సహా గీత అవతల పడ్డాడు, కప్పు మనదైంది. బారు దద్దరిల్లింది.

ఆపైన కోడలికి తల ఎత్తే తీరిక లేదు. పోసినవి పోసినట్టే పట్టుకెళ్లారు. పట్టుకెళ్లినవాళ్లు పట్టుకెళ్లినట్టే స్ట్రా పెట్టి గిరగిరా తిప్పేశారు. ఊపిరి బిగబట్టి పేర్చినదంతా కళ్లముందే బురదవుతుంటే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

బయట కారు హారన్ మోగింది. ఆడపడుచు గుమ్మంలోంచే చెయ్యూపింది. అత్తగారు సంచీ ఒళ్లోకి తీసుకుంది గానీ, స్టూలు దిగలేదు.

"ఒక్క నిమిషం ఆగండత్తయ్యా," అంది కోడలు.

ఎదుట చేతులు చాపుతున్నవాళ్లని పట్టించుకోకుండా ఆమె నీలాన్ని వోడ్కాతో పలచన చేసి తేలికపరిచింది. పాకం మీద మీగడ పోసి, దాని మీద నీలాన్ని చుక్కచుక్కగా జార్చింది. మొదటి గ్లాసు కలిసిపోయింది. రెండోదీ అంతే. ఈసారి హారన్ గట్టిగా మోగింది. మూడోది నిలిచింది. తెలుపు మధ్యలో.

గ్లాసుని అత్తగారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"వాడు చిన్నప్పుడు ఇదే జెర్సీ వేసుకుని తిరిగేవాడు. ఎరుపు తెలుపులోకి దిగకుండా ఉతకలేక చచ్చేదాన్ని," అంది.

తర్వాత చెంచా అందుకుని గ్లాసుని శుభ్రంగా కలిపేసింది.

"అయ్యో అత్తయ్యా."

"తీపంతా అడుగునే ఉంటే ఎలా తాగుతారే?"

రెండు గుక్కల్లో తాగేసి, మూతి తుడుచుకుంది. ఆ చేత్తోనే కోడలి మణికట్టు పట్టుకుని ఒక్క క్షణం నొక్కింది. రాత్రి వేన్నీళ్ల కాపడం పెట్టుకోమని, కిటికీ గడియ మర్చిపోవద్దని చెప్పి, జనాన్ని మోచేత్తో తోసుకుంటూ వెళ్లిపోయింది. నాలుగు గ్లాసులు కావాలని ఎవరో అరుస్తున్నారు. కారు కదిలిన చప్పుడు కోడలికి వినిపించలేదు.

జనం పలచబడ్డాక ఆమె నేల తుడవడం మొదలుపెట్టింది. చివరి స్టూలు దగ్గర తుడుపుకర్ర దేనికో తగిలి ఆగింది. కాళ్లు నేలకి అందక అత్తగారు బోర్లించుకున్న సోడా పెట్టె. దాని మీద, పాదాలకి ఒత్తుకోకుండా నాలుగు మడతలు వేసి పరిచిన పాత తువ్వాలు, మడమలు ఆనినచోట రెండు గుంటలతో, అలాగే ఉంది.