హారానికి తగిన వెలుగు

మా ఆయన గోవర్ధనరావు ముప్పై ఏళ్లుగా బందరు చిలకలపూడిలో కవరింగ్ నగలు చేస్తున్నారు. రాగిని బంగారమని నమ్మించడం ఆయన వృత్తి. ఇంట్లో మాత్రం ఒక్క అబద్ధం కూడా అతికేలా చెప్పలేరు.

ఆ రోజు పొద్దున్నే ఆయన ముఖం వేలాడిపోయి ఉంది. గుడివాడలో కొత్తగా కవరింగ్ నగల కొట్టు పెడుతున్న కనకదుర్గ గారు ముందురోజు రాత్రి ఫోన్ చేశారట. మేం చేసిన కవరింగ్ హారం ఒకటి బాగా దగ్గర్నుంచి ఫోటో తీసి మర్నాడు సాయంత్రంలోగా పంపమన్నారు, నచ్చితే పెళ్ళిళ్ళ సీజనంతా మా దగ్గరే తీసుకుంటామన్నారు. రెండు నెలలుగా మాకు పని సరిగ్గా లేదు. ఈ ఆర్డరు రాకపోతే పనివాళ్ళలో ఇద్దరిని మానిపించాలి. ఆ మాట వాళ్ళతో ఎలా చెప్పాలా అని ఆయనకి రాత్రి నిద్ర లేదు.

ఫోటోలు బాగా తీస్తుందని పిలిస్తే, మా ఆడపడుచు కూతురు భవిత పామిడిముక్కల నుంచి కెమెరా, చిన్నవాటిని పెద్దగా చూపే మాక్రో లెన్సు, జల్లెడంత గుండ్రటి రింగ్ లైటు పట్టుకుని దిగింది. వచ్చీ రాగానే లైటు వెలిగించి మామిడిపిందెల హారాన్ని ఫోటో తీసింది. చూస్తే ప్రతి రాయిలోనూ ఒక తెల్ల సున్నా.

"మీ మావయ్య లెక్కల మార్కులు గుర్తొస్తున్నాయే," అన్నాను.

"నువ్వు కాస్త ఊరుకుంటావా?" అన్నారాయన.

ఫ్లాష్ వేస్తే హారం స్టీలు గిన్నెలా తెల్లబడింది. ట్యూబ్‌లైటు కింద పెడితే పాచి పట్టినట్టు కనిపించింది. డాబా మీద ఎండలో తీస్తే నున్నటి పిందెల్లో మా ఇద్దరి తలకాయలూ కొబ్బరిచెట్టుతో సహా దిగాయి. "పోనీలెండి, మనం కలిసి దిగిన ఫోటోలు తక్కువేగా," అన్నాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకూ భయం వేసింది.

"మావయ్యా, వెలుగు నగ మీద సూటిగా పడకూడదు. తెల్లటి గుడ్డలోంచి మెత్తగా రావాలి," అంది భవిత.

ఆయన వెంటనే బీరువాలోంచి పట్టుపంచె తెచ్చి కిటికీకి కట్టేశారు. మా తమ్ముడి పెళ్ళికి కట్టుకోమంటే నలిగిపోతుందన్న పంచె అది. హారానికి రెండో పక్కన భవిత థర్మాకోల్ ముక్క నిలబెట్టింది. నీడలు పల్చబడి, బంగారం రంగు నిండుగా వచ్చింది. పిందెల మీది గీతలు, అంచున చుట్టిన సన్న తీగ అన్నీ అరచేయంత పెద్దగా కనిపించాయి.

"ఇది నేను చేసిందేనా?" అని మెల్లగా అడిగారాయన. నాకెంత గర్వంగా అనిపించిందో. పైకి చెబితే నెత్తికెక్కుతుందని ఊరుకున్నాను.

ఫోటో పంపిన అరగంటకి కనకదుర్గ గారు ఫోన్ చేశారు. భవిత స్పీకర్ పెట్టింది.

"ఏవండీ గోవర్ధనరావు గారూ, నేనడిగింది కవరింగ్ హారం కదండీ? మీ ఇంట్లో ఉన్న అసలు బంగారాన్ని ఫోటో తీసి పంపితే ఎలాగండీ? రేపు సరుకు వేరేలా వస్తే కొత్త కొట్టు పరువేం కాను? వద్దులెండి, ఇంకెవరినైనా చూసుకుంటాను."

ముప్పై ఏళ్లుగా ఆయన ఎదురుచూసిన మెచ్చుకోలు అదే. తీరా వచ్చి ఆర్డరు పోగొడుతోంది.

నాకు ఒళ్ళు మండి ఫోన్ లాక్కున్నాను. "నేను వారి భార్యని, సరోజినిని మాట్లాడుతున్నానండీ. మా ఇంట్లో అంత బంగారమే ఉంటే పొద్దుట్నుంచి ఈ లైట్ల గోల మాకెందుకండీ? పుస్తెలు తప్ప నా ఒంటి మీద ఉన్నదంతా ఈయన చేసిన కవరింగే!"

అవతల కనకదుర్గ గారు పగలబడి నవ్వారు. "నమ్మానండీ. ఆ హారం మీరే వేసుకుని ఇంకో ఫోటో పంపించండి. సీజను సరుకు మీదే."

భవిత నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఆయన హారం నా మెడలో వేశారు. గోరంత కొక్కెం పెట్టడానికి ఆ చేతులకి ఎంతసేపు పట్టిందో! తర్వాత ముందుకొచ్చి నిలబడి, నా మెడ వంకే చూస్తూ, "సరోజినీ, నీకు అసలుది చేయిస్తానే," అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముందు కిటికీకి అడ్డు లేవండి. వెలుగు రావట్లేదు," అన్నాను.