రాసాత్తి చేసిన మురుకులు

మత్తు సూది వేసి, చిగుళ్ళ లోపల పంటి వేళ్ళ దాకా పేరుకున్న గారంతా గీకి, పళ్ళ డాక్టరు నాగశ్రీ చేతి తొడుగులు తీసేసింది.

"మురుకు కొరకొచ్చా అమ్మా?" వంకరపోయిన పెదవితో అడిగాడు గుణశేఖరన్.

"అప్పుడేనా బాబాయ్ గారూ! మత్తు వదిలేదాకా ఏమీ తినకండి. కొన్నాళ్ళు పళ్ళు జివ్వుమంటాయి. చిగుళ్ళు బిగిశాకే గట్టివి. దానికి వారాలు పడుతుందండి."

మురుకులు అన్నాళ్ళు ఆగవు. భార్య రాసాత్తి చనిపోయే ముందు చేసినవి డబ్బా అడుగున కొన్ని మిగిలాయి. పళ్ళు కదిలే మొగుడికి ఆమె ఏళ్ళ తరబడి మురుకులు పొడి చేసి పెట్టింది. "ఒక్కసారి నువ్వు కరకరా కొరికితే వినాలయ్యా, ఆస్పత్రికి పో" అని పోరేది. వినే మనిషి పోయాక వెళ్ళాడు, గొప్ప మొగుడు.

ఉప్పళంలో ఇల్లు చేరేసరికి కూతురు తేన్మొళి ఆ డబ్బా పట్టుకుని వాకిట్లోకి వస్తోంది.

"నూనె కంపు కొడతా ఉండాయి నాయనా, పారేస్తా."

"పారేసేదేంది? ఈడ పెట్టు."

మత్తు వదిలాక వాటిని తానే రోట్లో దంచాడు. గుప్పెడు నోట్లో వేసుకోగానే పలుకులు పచ్చి చిగుళ్ళలో గుచ్చుకున్నాయి. ఉమ్మితే రక్తం.

"అమ్మ దంచినాక జల్లెడ పట్టేది గదా," అంది తేన్మొళి. "నీకు తెలీదా నాయనా?"

తెలీదు. ఇన్నేళ్ళూ తినడమే తెలుసు.

చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుని, "జల్లెడ యాడ పెట్టింది మీయమ్మ?" అన్నాడు.