ఈకలు ఒలిచే వంతు

లుబ్లిన్ పట్నం దగ్గరి ఆ పల్లెలో చలికాలం వస్తే ఆడవాళ్ళు వారానికొక ఇంట్లో చేరి పెద్దబాతుల ఈకలు ఒలుస్తారు. దిళ్ళకు మెత్తటి నూగు కావాలి కదా. ఈ గురువారం అపొలోనియా ఇంటి వంతు. ఆమెది ఒంటి బతుకు, మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. కానీ మూడు వారాలుగా ఆ ఇంట్లో ఆమె ఒంటరిగా లేదు. పట్నంలో కిటికీ అద్దాలు బిగించే యూదుడి భార్య పెర్లా అటక మీద గడ్డిలో దాక్కుని ఉంది. ఆమెకు ఆగని దగ్గు. యుద్ధంలో ఊళ్ళు పట్టుకున్న జర్మన్లకు తెలిస్తే ఇద్దరినీ కాల్చేస్తారు.

జ్వరమని ఈ వంతు తప్పించుకుందామంటే గెనొవేఫా ఊరుకోదు. చిన్ననాటి నేస్తం, కషాయం పట్టుకొచ్చి మంచం పక్కనే తిష్ఠ వేస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం గెనొవేఫా రానే వచ్చింది.

"ఏమే, బల్ల తుడిచావా? ఈసారి నన్ను నవ్వించావంటే చూడు. నూగంతా ఎగిరిపోయాక మళ్ళీ నన్నే తిడతావు."

అపొలోనియా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. రెండు రోజులుగా వెతికి పెట్టుకున్న మాట నోట్లో చేదుగా ఉంది.

"నా ఇంట్లో ఈకలూ లేవు, గీకలూ లేవు. పోయినేడు నువ్వు కూర్చుని లేచాక అరదిండు నూగు తక్కువైంది."

గెనొవేఫా నవ్వబోయి ఆగింది. "వేళాకోళమా?"

"దొంగని దొంగంటే వేళాకోళమా? ఊరంతా చెప్పుకో పో. ఎవరూ నా గడప తొక్కక్కర్లేదు."

గెనొవేఫా మంచులో నడిచి వెళ్ళిపోయింది.

ఊరు గెనొవేఫా పక్షానే నిలిచింది. ఇక అపొలోనియా ఇంటికి ఎవరూ రాలేదు. చర్చిలో ఆమె బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. తాను కోరుకున్నదీ అదే. అయినా మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు దారి వైపే పోయేవి.

"నా వల్లే కదమ్మా," అంది పెర్లా అటక మీంచి.

"చారు చల్లారిపోతోంది, తాగు."

ఏడాదిన్నరకు జర్మన్లు వెళ్ళిపోయారు. పెర్లా తన వాళ్ళెవరైనా మిగిలారేమోనని వెతుక్కుంటూ బయలుదేరింది. "ఇప్పుడైనా ఆవిడకు చెప్పండమ్మా," అని మరీ వెళ్ళింది.

అపొలోనియా ఆ రోజే వెళ్ళింది. గెనొవేఫా పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతోంది. కంచె ఇవతల నిలబడే అపొలోనియా అంతా చెప్పింది.

"అయితే నేను దొంగను కాదు."

"కాదే. ఎప్పుడూ కాదు."

"అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊరు ఒక్క రోజు కూడా నమ్మలేదు." గెనొవేఫా గొంతు తగ్గింది. "నేను పట్టిస్తానని మాత్రం నువ్వు నమ్మావు. నా ఇంట్లో పాలు లేవుటే? దగ్గుకు తేనె లేదూ?"

అలా అనుకోలేదని చెబుదామనుకుంది అపొలోనియా. కానీ ఆ రోజుల్లో ఎవరి మొహం తలుచుకున్నా ఆమెకు వణుకే. ఆ మొహాల్లో గెనొవేఫాదీ ఉంది.

"భయమేసిందే," అంది.

గెనొవేఫా ఇంకో దుంప తవ్వి, మట్టి దులిపి బుట్టలో వేసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అపొలోనియా ఎండ తగ్గేదాకా కంచె పట్టుకుని అక్కడే నిలబడింది.