పెంటపోగు మీది గడ్డి

పెంటపోగు మీద పారేసిన గడ్డి మళ్ళీ కొట్టంలోకి వచ్చి కూర్చుంది. గడ్డికి కాళ్ళుండవు. మావగారికి ఉన్నాయి.

"దీన్ని మళ్ళీ ఎందుకు తెచ్చారు మావయ్యా?" అంది కోడలు.

"చూస్తూ చూస్తూ ఎలా పారేస్తాం అమ్మాయ్? అంత చుట్టలో పాడైంది గుప్పెడు."

పచ్చగడ్డిని ప్లాస్టిక్‌లో బిగించి మాగబెట్టిన చుట్ట అది. కోత మిషను గడ్డితోపాటు ఓ ఎలుకనూ చుట్టేసినట్టుంది. విప్పితే నడుమ నల్లగా, జిగటగా కనిపించింది. ఆయన దాన్ని తోక పట్టుకు తీసి గోడవతలికి విసిరేశాడు. ఇక శుభ్రమేనన్నాడు.

"ఎలుకను తీస్తే విషం పోదు. చచ్చింది కుళ్ళినచోట పుట్టి గడ్డికి పడుతుందట. రంగుండదు, వాసనుండదు. కాస్త తిన్నా గుర్రానికి ఒళ్ళంతా పడిపోతుందని పశువుల డాక్టరమ్మ చెప్పిందా లేదా?"

"ఆవిడకేం, చెబుతుంది. పక్కింటి ఆవులు ఇలాంటివి ఎన్ని తినలేదు? ఒక్కటన్నా తుమ్మిందా?"

"ఆవు వేరు, గుర్రం వేరు."

"నాలుగు కాళ్ళేగా."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి, గుర్రానికి నాలుగని ఒప్పుకోవడమే గొప్ప. లారీ మీద ఎక్కడో ఉన్న మొగుడికి ఫోన్ చేస్తే, "ఆయన నా మాట ఎప్పుడు విన్నాడు, నువ్వే సర్దిచెప్పు" అని పెట్టేశాడు. కోడలు ఆ గడ్డిని మళ్ళీ పెంటపోగు మీదికి ఈడ్చి, మైదానానికి వెళ్ళింది. పిల్లలకు స్వారీ నేర్పడమే ఆమె పని. ఉన్నవి మూడు గుర్రాలు. భయపడి ఏడ్చే పిల్లనైనా ముందు ఎక్కించేది ముసలి ఆడగుర్రం మీదే. దాన్ని అందరూ దొరసాని అంటారు.

మర్నాడు పొద్దున దొరసాని తొట్టిలో మూతి పెట్టి నిలబడింది. ఎంతసేపున్నా నీళ్ళు తగ్గలేదు. నమిలిన గడ్డి ముద్దలుగా కింద పడుతోంది. కోడలు దాని నాలుకను పక్కకు లాగి వదిలింది. అది తడిగుడ్డలా అక్కడే వేలాడింది.

"ఏం పెట్టారు మావయ్యా?"

"ఏం పెడతాను, గడ్డే."

"మావయ్యా."

"మంచిగడ్డిలో కలిపాను. పదిపాళ్ళకి ఒక పాలు. అంత పల్చగా కలిపితే ఏమవుతుంది?"

విషాన్ని పల్చన చెయ్యడానికి ఇదేమన్నా కాఫీయా అని నోటిదాకా వచ్చింది. మింగేసింది. దొరసాని అదీ చేయలేకపోతోంది.

డాక్టరమ్మ వచ్చి చూసి, విరుగుడు మందు పై ఊరినుంచి రావాలంది. అది వచ్చేసరికి ఊపిరి ఆడించే కండరాలు కూడా ఆగిపోవచ్చంది. "మిగతా రెండూ తిన్నాయా?"

"వాటికి ఇంకా పెట్టలేదు," అన్నాడు మావగారు.

కోడలు ఆయన వంక చూసింది. ఇంకా పెట్టలేదంటే, పెట్టడానికి ఎక్కడో ఉందన్నమాట.

ఆయన పగలంతా ముద్ద ముట్టలేదు. దొరసాని తల ఒళ్ళో పెట్టుకుని, వేలాడే నాలుకను తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. సాయంత్రం మందు వచ్చేటప్పటికి తుడవడానికి గుడ్డ ఉంది గానీ, ఊపిరి లేదు. తిట్టడానికి కోడలి దగ్గర ఏళ్ళనాటి మాటలున్నాయి. ఆ ముఖం చూస్తే ఒక్కటీ పెగల్లేదు. దాంతో ఒళ్ళు మరీ మండిపోయింది.

"మిగిలింది ఎక్కడ దాచారు?"

ఆయన లేచి, జీనులు పెట్టే గది మూలనుంచి ఓ గోనెసంచి లాక్కొచ్చాడు. ఆమె దాన్ని పెరట్లో దూరంగా గుంటలో కుమ్మరించి, ఏ జంతువూ మూతి పెట్టకుండా, డీజిల్ డబ్బా ఆయన చేతికిచ్చింది.

"మీరే పొయ్యండి మావయ్యా."

ఆయన గడ్డి మీద సన్నటి ధార తిప్పి, ఓసారి ముక్కు ఎగబీల్చి, డబ్బాకు మూత బిగించాడు.

"చాల్లే అమ్మాయ్. ఇదైనా మిగలనీ."

కోడలు డబ్బా లాక్కుని, మూత తీసి, అడుగు బొట్టుదాకా వంపింది.