డబ్బాలో చింతపిక్కలు

మా ఆయన ఎజ్రాతో వచ్చిన చిక్కేమిటంటే, ఆయనకి పంతొమ్మిదో ఎక్కం నోటికి వచ్చు. మగవాళ్లకి ఇంతకన్నా చెడ్డ అలవాట్లు ఉంటాయని నాకూ తెలుసు. కానీ వాటిని రోజూ అన్నాల దగ్గర వినక్కర్లేదు.

ఆ సోమవారం ప్రార్థన అయ్యీ అవగానే, మూడో తరగతి చదివే మా బ్లెస్సీని "ఏడెనిమిదులు ఎంతమ్మా?" అని అడిగారు.

అది కంచం వైపు చూస్తూ, "ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది, ఇంకో ఇరవై ఎనిమిది కలిపితే... యాభై ఆరు నాన్నా" అంది.

"విన్నావా? ఈలోగా అన్నం చల్లారిపోయింది. కొత్త పుస్తకాలొచ్చి ఎక్కాలు ఎత్తేశారు. శనివారం మీటింగులో టీసీ అడిగేస్తాను. ఏలూరు స్కూలు బస్సు గుండుగొలను దాకా వస్తోందిగా."

ఆయన మా బడి పేరెంట్స్ కమిటీ చైర్మన్. ఆయన టీసీ తీసుకుంటే వెనకే ఇంకో పదిమంది తీసుకుంటారు. పిల్లలు తగ్గితే ఇందుజ టీచర్ని వేరే ఊరు పంపేస్తారు. మా అమ్మాయికి బడి అంటే ఇష్టం పుట్టించింది ఆ పిల్లే. పంపనివ్వకూడదని ఆ రాత్రి గిన్నెలు తోముతూనే నిశ్చయించుకున్నాను.

నేను చదివింది బీఎస్సీ స్టాటిస్టిక్స్. పెళ్లైన పదకొండేళ్లకి దానితో మొదటిసారి పని పడింది. శుక్రవారం ఇందుజ దగ్గరికి వెళ్లి, పిల్లలు లెక్కలకి వాడే చింతపిక్కల డబ్బా అడిగి తెచ్చాను. సరిగ్గా ఎనిమిది టీ గ్లాసులు పట్టే డబ్బా. అడుగున చిన్న పిక్కలు, పైన పెద్దవి నింపాను. ఈ సంగతి ఇందుజకి కూడా చెప్పలేదు.

శనివారం మీటింగులో ఇందుజ సర్క్యులర్ చదవడం మొదలుపెట్టింది. "అభ్యసన ఫలితాలు, పునాది సామర్థ్యాలు..."

"ఇది మాకు చదువుతున్నారా, కలెక్టరు గారికా అమ్మా?" అంది ముందు వరసలోని వీరదుర్గ. అందరూ నవ్వారు. ఇందుజ చదివిన ముక్కే మళ్లీ చదివింది. మా ఆయన జేబులోంచి టీసీ అర్జీ బయటకు తీశారు.

నేను డబ్బా, గ్లాసు పట్టుకుని లేచాను. "ఏవండీ, అర్జీ ఇచ్చే ముందు ఒక్క పని చేసిపెట్టండి. ఇందులో పిక్కలెన్నో చెప్పండి. అన్నీ లెక్కపెట్టకూడదు. డబ్బాకి ఎనిమిది గ్లాసులు."

"ఓస్, మా కౌంటేగా!" అన్నారు. మా ఊళ్లో అందరివీ రొయ్యల చెరువులే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అదే కౌంటు. కౌంటు తగ్గితే రొయ్య పెద్దదన్నమాట. పోయిన పట్టుబడికి ముందు మా ఆయన మచ్చుకి వల విసిరి చూస్తే నలభై కౌంటు వచ్చింది. తీరా చెరువంతా పట్టాక కొనుగోలుదారు అబ్దుల్ జబ్బార్ గారి కాటా మీద అరవై వచ్చింది. కాటాలోనే మోసం ఉందన్నారు మా ఆయన, అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. జబ్బార్ గారి అమ్మాయి తహసీన్ది కూడా బ్లెస్సీ తరగతే కాబట్టి ఆయనా ఆ మూల కూర్చునే ఉన్నారు.

మా ఆయన పైనుంచి ఒక గ్లాసు ముంచి లెక్కపెట్టారు. నలభై.

"ఎనిమిది నలభైలు మూడొందల ఇరవై!" చిటికె వేసి చెప్పారు. చప్పట్లు కూడా పడ్డాయి.

పిక్కలు మళ్లీ డబ్బాలో పోసి బ్లెస్సీని, తహసీన్ని పిలిచాను. ఇద్దరూ ముందు డబ్బాలో చేతులు పెట్టి అడుగువి పైకి, పైవి అడుక్కి వచ్చేలా కలిపారు.

"అదేంటి, ఆటా?" అన్నారు మా ఆయన.

"కలపకపోతే పైవే వస్తాయంకుల్" అంది తహసీన్. ఒక గ్లాసు ముంచి, పదేసి వరసలు పేర్చారు. ఆరు వరసలు.

"రెండు గ్లాసులకి నూట ఇరవై, నాలుగింటికి రెండొందల నలభై, ఎనిమిదింటికి నాలుగొందల ఎనభై... దగ్గర దగ్గర" అంది బ్లెస్సీ.

"ఎక్కాలు ఎత్తెయ్యలేదండీ" అంది ఇందుజ, ఈసారి కాగితం చూడకుండా. "ముందు ఇలా చేతులతో తెలుస్తాయి, తర్వాత నోటికి వస్తాయి. పుస్తకంలో మారింది ఇదొక్కటే."

"అయితే మొత్తం లెక్కపెట్టండి" అన్నారు మా ఆయన మొండిగా. వీరదుర్గ చాప పరిచింది. తల్లులందరం కూర్చుని పదులు పేర్చాం. నాలుగొందల డెబ్భై ఒకటి.

మా ఆయన వంగి చాప మీది వరసలు చూశారు, పెద్ద పిక్కల కన్నా చిన్నవే ఎక్కువున్నాయి. "నాకు పెద్ద పిక్కలే వచ్చాయి."

"మేత వేసే గట్టు దగ్గరే వల విసిరితే పెద్ద రొయ్యలే పడతాయండీ" అన్నాను, పిక్కలు డబ్బాలోకి ఎత్తుతూ. "మీరు పోయినసారి ఎక్కడ విసిరారు?"

మా ఆయన అర్జీని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నారు. అప్పుడు జబ్బార్ గారున్న మూలకి తిరిగారు.

"జబ్బార్ గారూ, ఆ రోజు కౌంటు మీరన్నదే. నేను గట్టు దగ్గర తప్ప ఇంకెక్కడా వల వెయ్యలేదు." తర్వాత ఇందుజ వైపు చూశారు. "తప్పు నాదేనండీ. అక్కడా, ఇక్కడా."