నీలం కడుక్కున్న చేతులు

తొట్టెలో మరుగుతున్న నీలిరంగును ఆమె కర్రతో తిప్పుతూనే ఉంది. ఆవిరికి ముఖం చెమర్చింది. మోచేతుల దాకా నీలం. గోళ్ళ చుట్టూ ఆ నీలం నలుపెక్కింది. అద్దకం షెడ్డులో ఆమెను నీలక్క అని తప్ప పిలిచినవాళ్ళు లేరు.

బయట ఓట్లు పడుతున్నాయి. సొంత ఇల్లున్నవాళ్ళకే ఓటు. తేల్చాల్సిందీ ఒక్కటే: బయటినుంచి వచ్చి అద్దెగదుల్లో బతికేవాళ్ళను ఉంచాలా, పంపాలా. వీధి మలుపులో పొద్దుటినుంచీ ఒక వ్యాను ఆగి ఉంది.

యజమాని లోపలికి వచ్చాడు. ఒకప్పుడు ఆమె వచ్చిన బస్సులోనే ఈ ఊళ్ళో దిగినవాడు. అతను డబ్బుతో దిగాడు. ఇల్లు కొన్నాడు, ఓటు వచ్చింది. ఆమె రెండు చేతులతో దిగింది.

“చూశావా నీలక్కా, నా వేలూ నీ రంగుకే వచ్చింది!” అంటూ సిరా గుర్తు చూపించాడు.

“నాది కడిగితే పోతుంది తమ్ముడూ. ఇంతకీ ఎటేశావు?”

“అదేం మాట? నీ చేతి కూడు తిన్నవాణ్ణి.”

ఆ మాట అంటున్నప్పుడు అతను తొట్టెలకేసి చూస్తున్నాడు.

అతను వెళ్ళగానే పక్కతొట్టె ముసలాయన గొణిగాడు. “మనల్ని పంపి కొత్తవాళ్ళను తెస్తారట. ఏడాది ఒప్పందం కాగితం మీద. నోరెత్తితే మర్నాడే బస్సు. అలాంటివాళ్ళు చవక కదమ్మా.”

“తమ్ముడు అలాంటివాడు కాదులే బాబాయ్.”

సాయంత్రం మైకు అరిచింది: పంపాలి. వ్యానులోంచి మనుషులు దిగి, దారినపోయేవాళ్ళ వేళ్ళమీద సిరా గుర్తుందో లేదో చూడడం మొదలుపెట్టారు.

యజమాని తెల్లతెరల మూట తెచ్చాడు. “అక్కా, ఇవి మా ఇంట్లో ఇచ్చిరా. చేతులు కడుక్కో, మరక పడితే మీ మరదలు నన్ను ఉతికేస్తుంది. ఎవరైనా ఆపితే నా పేరు చెప్పు.”

“కడక్కమ్మా,” అన్నాడు ముసలాయన, అతను అటు తిరగ్గానే. “అంత నీలంలో సిరా ఉందో లేదో ఏ మొనగాడు కనిపెడతాడు?”

“తెల్లబట్ట ముట్టుకోవాలంటే కడగొద్దూ?”

బ్లీచింగ్ పొడితో రుద్దింది, ఎప్పుడూ రుద్దినట్టే. నీలం వదిలాక చేతులు పాలిపోయి, ఎవరివో అన్నట్టున్నాయి.

మలుపు దగ్గర ఆపారు. ఆమె యజమాని పేరు చెప్పింది.

“తెలుసు,” అన్నాడు ఒకడు. “వస్తావని ఆయనే చెప్పారు.”

వ్యాను తలుపు పెద్దగా చప్పుడు లేకుండానే మూసుకుంది.

మూట షెడ్డుకు తిరిగొచ్చింది. ఒక్క మరక లేదు. తొట్టెలో రంగు చల్లారుతోంది. గోడకు ఆనించిన కర్ర మీద, పట్టుకునే చోట, రెండు నీలి అరచేతులు.